పాత పాటలంటే ఏ పాటలు?

ఈసారి కూడా పోస్టు పెద్దదే. ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు రాత్రి భోజనమైనాక చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక మాట నడిచింది. "పాత పాటలని చెప్పి ఎఫ్.ఎం.లో ఇళయరాజా పాటలు వేస్తా ఉండారు, ఇదేమి అన్యాయం" అని ఒక పెద్దాయన రాసినారు. దానికి కాలేజీ చదివే పిల్లవాడొకడు "తాతా, ఇళయరాజా వచ్చి యాభై ఏండ్లు అవుతా ఉండాది, ఇంకా ఎప్పుడు పాతబడేది?" అని అడిగినాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టినారు. పెద్దాయన మళ్లీ ఏమీ రాయలేదు. మాకు చూస్తే ఇద్దరి పక్కా న్యాయం ఉన్నట్టే ఉంది. అయితే ఇద్దరూ అసలు పోయిన వస్తువును వదిలి వేరే దాని గురించి జగడం పెట్టుకున్నారు అని కూడా తోచింది. అందుకే ఈ రాత.

ముందు పిల్లవాని లెక్క చూద్దాము. రైల్వేలో జీవితమంతా లెక్క పుస్తకాలు రాసినవాళ్లము, లెక్క కనబడితే ఊరికే ఉండలేము. అన్నక్కిళి వచ్చింది 1976లో. రోజా వచ్చింది 1992లో. ఇప్పుడు 2025 అనుకుంటే రోజాకు 33 ఏండ్లు. మేము హైస్కూలు ముగించిన కాలం, 1975 అనుకుందాము, అక్కడినుంచి 33 ఏండ్లు వెనక్కి పోతే 1942. అది త్యాగరాజ భాగవతర్, చిత్తూరు నాగయ్యల కాలం. అంటే ఈనాటి పిల్లలకు రోజా ఎంత దూరమో, మాకు ఆ వయసులో భాగవతర్ అంత దూరం. తాత భాగవతర్ పాట వస్తే "కొంచెం గట్టిగా పెట్టరా" అనేవాడు. మాకేమో ముల్లు ఎప్పుడు తిప్పుదామా అని ఉండేది. తాత తన పదహారేండ్ల వయసు పాట అడిగినాడు, మేము మా పదహారేండ్ల పాట అడిగినాము. మనిషికి మీసం మొలిచే కాలంలో విన్న పాటే చివరిదాకా వెంట వస్తుంది. ఇది ఏ ఊర్లోనైనా, ఏ భాషలోనైనా ఒకటే.

రేడియో నడిపేవాళ్లకు ఇది మనకంటే బాగా తెలుసు. ప్రైవేటు ఎఫ్.ఎం. బతికేది ప్రకటనల మీద. నగల దుకాణం, పట్టు చీరల దుకాణం, ఇంటి స్థలాలు అమ్మేవాళ్లు, వీళ్లు డబ్బు ఇచ్చేది ఎవరి చెవి కోసం? సంపాదించి ఖర్చుపెట్టే వయసువాళ్ల చెవి కోసం. పింఛనుదారు చెవికి ఆ బజారులో ధర తక్కువ. కాబట్టి "పాత పాట" అనే బోర్డు అట్లే ఉంటుంది, లోపలి సరుకు మాత్రం పదేండ్లకొకసారి ముందుకు జరుగుతుంది. 1950ల పాటలు పోయి 60లు వస్తాయి, 60లు పోయి 80లు వస్తాయి. ఇప్పుడు 90లు కూర్చున్నాయి. రైల్వే టైంటేబులు మాదిరే. పుస్తకం అట్టమీద పేరు మారదు, లోపల పాసింజరు బండి ఎప్పుడు తీసేసినారో ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడే తెలుస్తుంది.

ఇది మన ఊరి కథ మాత్రం కాదు. అమెరికాలో న్యూయార్కులో డబ్ల్యు.సి.బి.ఎస్. ఎఫ్.ఎం. అని ఒక స్టేషను. 1972 నుంచి పాత పాటలకే పేరు పోయింది. 2005 జూన్ 3వ తేదీ ఉన్నట్టుండి పాత పాటలు ఆపి, మాట్లాడే మనుషులను కూడా తీసేసి, కలగూరగంప పాటలు పెట్టినారు. వినేవాళ్లు ఊరుకోలేదు. చివరికి 2007 జూలైలో మళ్లీ పాత పద్ధతికి వచ్చినారు. అయితే తిరిగి వచ్చింది పాత స్టేషను కాదు. 1950ల పాటలు దాదాపుగా లేవు, 60లు, 70లు, 80లే ఎక్కువ. పేరు కూడా "పాత పాటలు" అని చెప్పుకోవడం తగ్గించి "క్లాసిక్ హిట్స్" అన్నారు. "పాత" అనే మాట చెప్తే ప్రకటనలవాళ్లకు ముసలివాళ్లు గుర్తుకొస్తారట!

అక్కడ పాట ఎంచే పద్ధతి ఇంకా విచిత్రం. కొంతమందిని ఒక హాలులో కూర్చోబెట్టి ఒక్కొక్క పాటలో పది సెకండ్లు మాత్రం వినిపిస్తారు. నచ్చిందా లేదా అని మార్కులు వేయమంటారు. తక్కువ మార్కు వచ్చిన పాట జాబితా నుంచి పోతుంది. అట్లా వేల పాటలుండే చోట కొన్ని వందలు మిగులుతాయి. వాటినే కంప్యూటరు వరసమార్చి వేస్తుంది. పల్లవి మొదటి పదిలో పట్టుకోని పాట, చరణంలో మెల్లగా లోపలికి దిగే పాట, ఈ పరీక్షలో పాసు కాదు. ఘంటసాలవారి పాటలు సగం ఇక్కడే ఫెయిలు.

పాటలు ముందుకు జరగడం గురించి మాకు పెద్ద కోపం లేదు. ఒకసారి సర్కారే అన్ని సినిమా పాటలనూ తీసేసిన కాలం కూడా ఉంది. 1952లో కేస్కర్ అనే ఆయన కేంద్ర మంత్రిగా వచ్చి, సినిమా పాటలు జనాన్ని చెడగొడతాయని ఆకాశవాణిలో వాటిని పక్కకు నెట్టినారు. జనం ఏమి చేసినారు? ముల్లును సిలోనుకు తిప్పినారు. దేశమంతా తిప్పింది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టక తప్పలేదు. కాబట్టి ఏది వేయాలో వాళ్లు నిర్ణయించినా, ఏది వినాలో మనము నిర్ణయించుకుంటాము. ఈ రోజు ఆ పని ఇంకా సులభం. ఏ పాట కావాలన్నా ఫోనులో ఉంది. అయిదు వేల పాటలు నింపిన కారవాన్ పెట్టె 2017 నుంచి అమ్ముతున్నారు, తమిళానికి ఒకటి, తెలుగుకు ఒకటి. మన ఊర్లోనే చాలా ఇండ్లలో టీవీ పక్కన కూర్చొని ఉంది. పెద్దాయన అడిగిన పాట ఆయన జేబులోనే ఉన్నప్పుడు, ఎఫ్.ఎం. వేయలేదని బాధ ఎందుకు?

బాధ ఉంది. ఎందుకంటే పోయింది పాట కాదు. పాటకు ముందు చెప్పే మాట పోయింది.

చిత్రం పేరు, పాడినవారు, రాసినవారు, సంగీతం. ఈ నాలుగు చెప్పిన తరవాతే పాట. రికార్డు మీద అతికించిన కాగితంలో ఉన్నది చూసి అనౌన్సరు చదివేవారు. సిలోను తమిళ సేవలో మయిల్‌వాగనం, కె.ఎస్. రాజా, అబ్దుల్ హమీద్ అని గొంతులుండేవి. పొద్దున "పొంగుం పూంపునల్" వింటూ సైకిల్ తుడుచుకున్నవాళ్లము మనలో ఎంతమందో. తెలుగుకు మీనాక్షి పొన్నుదురై గారు. ఆ అమ్మ గొంతు ఆంధ్ర దేశమంతా ఇంటి మనిషి గొంతు మాదిరి విన్నది. ఇక్కడ సూలూరులో మాకు ఆ గొంతు ఇంకొక పని కూడా చేసింది. దాన్ని కొంచెం విప్పి చెప్పాలి.

మనము ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదివింది తమిళం. మా తరం మొత్తం తమిళ మీడియమే. తెలుగులో అక్షరం తెలియదు, పత్రిక రాదు, పుస్తకం లేదు. అవ్వ మాట్లాడే తెలుగులో ఆవు, దూడ, చేను, పెండ్లి, చావు అన్నిటికీ మాట ఉంది. కాని "గానం" అనే మాట లేదు. "రచన" లేదు. "శ్రోతలు" లేదు. తమిళ రేడియోలో "నేయర్‌గళ్" అని విన్నవాళ్లకు, తెలుగు రేడియోలో "శ్రోతలు" అని వింటే, ఓహో మన భాషలో దీన్ని ఇట్లా అంటారా అని తెలిసింది. "యుగళగీతం" అంటే ఏమో అని మా చిన్నాన్న కొడుకు వారం రోజులు అందరినీ అడిగినాడు. రాత్రి పూట మీడియం వేవ్ దూరం పోతుంది కదా, కొన్ని రాత్రులు ఆంధ్ర స్టేషన్లు గరగరమంటూ వచ్చేవి. కోరిన పాటలకు ముందు పేర్లు, ఊర్లు చదివేవారు. తెనాలి, తణుకు, నూజివీడు, గుడివాడ. ఆ ఊర్లు ఎక్కడున్నాయో తెలియదు, మన భాష మాట్లాడే ఊర్లని మాత్రం తెలుసు. తరవాత ఉద్యోగంలో చేరి, తెనాలికి పార్సెల్ బుక్ చేసినప్పుడు, ఆ ఊరు మాకు ముందే పరిచయం. కాబట్టి మాకు రేడియో అంటే పాటల పెట్టె కాదు. లేని తెలుగు బడి.

ఇంకొకటి. ఆ కాలంలో సినిమా రెండు భాషల్లోనూ తీసేవారు. పాతాళభైరవి, దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, ఇవన్నీ తమిళంలోనూ ఉన్నాయి. అదే వరస మద్రాసు నుంచి తమిళంలో వస్తుంది, సిలోను నుంచి తెలుగులో వస్తుంది. ఒకే ఇంట్లో తాత ఒకటి పాడతాడు, మనవడు ఇంకొకటి పాడతాడు. సుశీలమ్మది విజయనగరం, పి.బి. శ్రీనివాస్ గారిది కాకినాడ, జానకమ్మ గుంటూరు జిల్లా. వీళ్లు తమిళంలో పాడినప్పుడు అనౌన్సరు పేరు చెప్తే, "మన మనిషి" అని ఇంట్లో ఆడవాళ్లు కూడా వంటింట్లోనుంచి తలకాయ బయట పెట్టేవారు. పేరు చెప్పకపోతే ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? పాటలో ఊరు పేరు రాసి ఉండదు కదా.

దీనికి మన కోయంబత్తూరులోనే పెద్ద సాక్ష్యం ఉంది. పక్షిరాజా స్టూడియో పేరు పెద్దవాళ్లందరికీ తెలుసు. దాన్ని నడిపింది ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు. 1954లో ఆయనే దర్శకుడుగా ఎం.జి.ఆర్., భానుమతిలతో మలైక్కళ్ళన్ తీసినారు. అదే సంవత్సరం అదే కథను ఎన్.టి. రామారావు, భానుమతిలతో తెలుగులో అగ్గిరాముడుగా తీసినారు. రెండింటికీ సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అగ్గిరాముడులో నాజర్ గారి బుర్రకథ కూడా ఉంది. 1955లో హిందీకి దిలీప్ కుమార్‌తో ఆజాద్ అని పోయింది. ఇదంతా మన ఊరినుంచి బస్సెక్కితే ఒక గంట కూడా పట్టని చోట జరిగిన పని. ఈ రోజు మలైక్కళ్ళన్ పాట ఎఫ్.ఎం.లో ఎప్పుడైనా వస్తే, "వాత్యార్ పాట" అని ఒక మాట, నవ్వు ఒకటి, పాట మధ్యలోనే కోసి ప్రకటన. మన కోయంబత్తూరులో పుట్టిన పాట అని కోయంబత్తూరు స్టేషనులోనే చెప్పేవాళ్లు లేరు. మన సంఘం పిల్లలను పోయిన నెల అడిగి చూసినాము. పదకొండు మందిలో ఒక్కరికి కూడా పక్షిరాజా అంటే తెలియదు. వాళ్లను అనేది ఏముంది, వాళ్లకు చెప్పింది ఎవరు?

ఎఫ్.ఎం.లో మాట్లాడేవాళ్లను తక్కువ చేసి చెప్పడం లేదు. చురుకైన పిల్లలు. అయితే వాళ్లకు ఇచ్చిన పని వేరే. ట్రాఫిక్ గురించి, వానగురించి, భార్యాభర్తల జోకుల గురించి మాట్లాడాలి. పాట గురించి మాట్లాడితే వినేవాడు స్టేషను మారుస్తాడని పైవాళ్ల భయం. ఒక స్టేషనుకు, పేరెందుకు, మా స్నేహితుడొకరు ఫోన్ చేసి "ఆ పాట రాసింది ఎవరమ్మా" అని అడిగితే, "సార్, స్క్రీన్‌లో అంతవరకే వస్తుంది" అన్నదట. ఆ బిడ్డ చెప్పింది నిజమే. రికార్డు కాగితం పోయి స్క్రీను వచ్చింది. స్క్రీనులో ఏది ఎక్కిస్తే అదే.

రైల్వేలో కూడా ఇదే చూసినాము. ముందు స్టేషను కేబిన్‌లో మనిషి కూర్చొని మైకులో చెప్పేవాడు. బండి ఎందుకు లేటు, ఏ ప్లాట్‌ఫారానికి మారింది, ముసలివాళ్లు మెల్లగా దాటండి అని కూడా చెప్పేవాడు. తరవాత రికార్డు చేసిన ముక్కలు అతికించి కంప్యూటరు చెప్తుంది. బండి నంబరు తప్పు లేకుండా చెప్తుంది. "మెల్లగా దాటండి" మాత్రం చెప్పదు.

మాట్లాడితే వినేవాళ్లు పోతారు అనే భయానికి ఆధారం ఉందా అని చూస్తే, లేదనే చెప్పాలి. హిందీలో బిగ్ ఎఫ్.ఎం.లో నటుడు అన్నూ కపూర్ "సుహానా సఫర్" అని పాత పాటల వెనక కథలు చెప్పే కార్యక్రమం చేసినారు. జనం పాటకోసం వచ్చి కథకోసం ఉండిపోయినారు. అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరిలో కాలం చేసినప్పుడు ఇండ్లలో జనం గుర్తు చేసుకున్నది గీత్‌మాలాలో ఏ పాట ఎన్నో నంబరు అని కాదు, ఆయన పిలిచిన పిలుపును. ఇంగ్లండులో 2021లో బూమ్ రేడియో అని పెట్టినారు. వయసైనవాళ్లకే, వయసైన అనౌన్సర్లే, చాలామంది తమ ఇండ్లలోనుంచే మాట్లాడతారు. నడుస్తున్నది.

మన పక్క తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో 2008లో "సంఘం రేడియో" మొదలైంది. నడిపేది దళిత మహిళలు, వ్యవసాయం చేసేవాళ్లు. అక్కడ సినిమా పాటలు కాదు, విత్తనాలు, పండగలు, పల్లె పాటలు. వాళ్లు మాట్లాడేది వాళ్ల ఊరి తెలుగు. మన గ్రూపులో అప్పుడప్పుడు "మన తెలుగు సరైన తెలుగు కాదు, మైకులో మాట్లాడితే నవ్వుతారు" అని సిగ్గుపడేవాళ్లు ఉన్నారు. పస్తాపూరు అమ్మలు సిగ్గుపడలేదు. మనకు తెలుగు వినిపించింది కూడా విజయవాడ ఒక్కటే కాదు, కొలంబో. సముద్రం అవతలినుంచి తెలుగు చెప్పగలిగినప్పుడు సూలూరునుంచి చెప్పడానికి ఏమి అడ్డం?

ఇక మన సంఘం విషయం. నెల మొదటి ఆదివారం కూటమి అయినాక హాలులో పాత పాటలు వేస్తున్నాము కదా. మూడు నెలలుగా దానిమీద రెండు పార్టీలు. 1950, 60ల పాటలు నిలిపేసి 80ల పాటలు వేస్తే పిల్లలు నిలబడతారు అని ఒక పార్టీ. అట్లయితే మేము రాము అని పెద్దవాళ్ల పార్టీ. కమిటీలో ఓటు పెడదామనే దాకా వచ్చింది. ఓటు పెడితే 80లే గెలుస్తాయి, ఎందుకంటే ఆ వయసువాళ్లే ఎక్కువ. రేడియోలో జరిగిందే మన హాలులోనూ జరుగుతుంది. అక్కడైనా ప్రకటన డబ్బు అని ఒక కారణం ఉంది. మనకు ఆ కారణం కూడా లేదు, మనకు ప్రకటన ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు!

మా అభిప్రాయం ఇది. గంటకు పదిహేను పాటలు వేసే పని మానేద్దాము. ఆరు చాలు. పూర్తిగా, కోయకుండా. ప్రతి పాటకు ముందు ఒక మనిషి లేచి రెండు నిమిషాలు మాట్లాడాలి, మన ఇంటి తెలుగులోనే. చిత్రం, ఏడాది, రాసినవారు, పాడినవారు, సంగీతం. తెలిస్తే ఆ మనుషులది ఏ ఊరు. ఆ పాట మొదట ఎక్కడ విన్నారు, ఎవరి రేడియోలో విన్నారు. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో డబ్బు కట్టాలి, అందుకే వీధికి ఒకటో రెండో పెట్టెలు. ఎవరింటి తిన్నె మీద కూర్చొని విన్నారు అనేది కూడా మన ఊరి చరిత్రే. ఆరు పాటల్లో రెండు 1960కి ముందువి తప్పకుండా ఉండాలి. మిగిలిన నాలుగు ఎవరి కాలంవైనా సరే. ఇళయరాజా పాటకు ఆ కాలంవాళ్లే లేచి మాట్లాడాలి. పెద్దవాళ్లు అప్పుడు లేచి కాఫీకి పోకూడదు. రహమాన్ పాటకు ఆ కాలేజీ పిల్లవాడు మాట్లాడాలి, అందరూ వినాలి.

1960కి ముందు పాటలకు మాత్రం ఎందుకు ప్రత్యేకం అని అడుగుతారు. 80ల పాట గురించి చెప్పేవాళ్లు ఇంకా ముప్పై ఏండ్లు ఉంటారు. 1954 పాట విడుదలైనప్పుడు పదహారేండ్లు ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై ఏడు. మన సంఘం పుస్తకంలో అట్లాంటివాళ్లు తొమ్మిది మంది. పోయిన ఏడాది పన్నెండు మంది ఉండినారు.

మాట్లాడేటప్పుడు ఫోనులో రికార్డు చేయడం పిల్లల పని. పాటను రికార్డు చేయకండి, పాట ఎక్కడైనా దొరుకుతుంది, పైగా దాన్ని పెడితే హక్కుల గొడవ. మాటను మాత్రం రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. హాలుకు రాలేనివాళ్ల ఇంటికి ఇద్దరు పిల్లలు పోయి చెప్పించుకొని రావాలి. మంచం మీద ఉన్న అవ్వకు పాట పేరు గుర్తు లేకపోవచ్చు, వరస గుర్తుంటుంది. ఆమె మూలిగితే చాలు, మనలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

వచ్చే కూటమికి మొదటి పాట అగ్గిరాముడు నుంచి వేయమని కమిటీకి రాసి ఇచ్చినాము. పక్షిరాజాలో వడ్రంగిగానో, లైట్లు పట్టుకునో, వంటశాలలోనో పని చేసినవాళ్ల కుటుంబాలు మన సూలూరు, ఇరుగూరు, సింగానల్లూరు పక్క ఉంటే దయచేసి ఈ పోస్టు కింద ఒక మాట రాయండి. ఫోటో ఉంటే తీసుకొని రండి, అక్కడే కాపీ తీసి తిరిగి ఇచ్చేస్తాము. కూటమి నాలుగున్నరకు, పాటలు ఆరుకు. కాఫీ ఆరు ముందే అయిపోతుంది.